కోలియస్ కొమ్మ: గ్లాసు నీళ్లలోనా, ఇసుక కప్పులోనా?

అక్టోబరు రాగానే యూట్యూబ్‌లో మొక్కల ఛానళ్లన్నీ ఒకటే పాట అందుకుంటాయి: రంగురంగుల ఆకుల కోసం పెంచుకునే కోలియస్ మొక్క కొమ్మలు తుంచి వేళ్లు పోయించండి, ఇంట్లో పెట్టి చలికాలం దాటించండి అని. చెప్పేవాళ్లు కెనడాలోనో ఇంగ్లండులోనో ఉంటారు, వాళ్లకది నిజమే. కోలియస్ పుట్టిల్లు ఆగ్నేయాసియా వేడి నేలలు. 10 డిగ్రీల కిందికి దిగితే ఆకులు వేలాడేస్తుంది. ఒక్క రాత్రి గడ్డకట్టే చలి తగిలిందా, తెల్లారేసరికి కాండంతో సహా నల్లగా మెత్తబడిపోతుంది. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 16, 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పైగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఎండ మెత్తగా ఉండి ఆకు రంగు బాగా తేలుతుంది. ఆ వీడియోలు చూసి సరిగ్గా ఆ నెలల్లోనే కుండీలు హాల్లోకి మోసే వాళ్లున్నారు. అలాంటి కుండీని చూసి మా వాచ్‌మన్ భార్య అడిగిన మాట ఇది: "మొక్కకి జొరమొచ్చినాదేటమ్మా, లోపలెట్టేసినావు?"

మన కోలియస్‌కి గండాలు వేరే. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా మేడ మీది ఎండ ఒకటి. జులై నుంచి కుండీలో నిలిచే తడి ఇంకొకటి. ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలు, తుపాన్లు, వాటితో వచ్చే ఉప్పుగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు ఊళ్లో మహావృక్షాలే కూలిపోయాయి, ఇక నీళ్లతో నిండిన లేత కాండం ఉన్న కోలియస్ ఎంత! లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు సముద్రానికి ఎదురుగా బాల్కనీ ఉన్నవాళ్లకి తుపానే రానక్కర్లేదు, గట్టి గాలి రెండు రోజులు వీస్తే ఆకుల అంచులు మాడిపోతాయి.

అంటే ఇంట్లో కొమ్మలు దాచుకునే పద్ధతి మనకీ పనికొస్తుంది, కాకపోతే చలి కోసం కాదు. నెలలు మార్చుకోవాలి: ఫిబ్రవరి చివర ఒక విడత, ఎండలు దాటించడానికి. సెప్టెంబరులో ఒక విడత, తుపాన్లు దాటించడానికి. ఇక ఏ పద్ధతిలో అన్నదే ప్రశ్న.

ఏ పద్ధతికైనా కొమ్మ కోసే తీరు ఒకటే. పొద్దున్నే, మొక్క నీళ్లు తాగి నిటారుగా ఉన్నప్పుడు కోయాలి. పూత కంకి లేని చిగురు చూసుకోవాలి. కోలియస్‌కి పగలు తగ్గేకొద్దీ పూత పడుతుంది, పూత మీదున్న కొమ్మ తన శక్తినంతా కంకికే పెడుతుంది. మంచి చిగురు దొరక్కపోతే కంకిని తుంచేసి వాడుకోవచ్చు. నాలుగైదు అంగుళాల పొడవు చాలు. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే తులసికి లాగే నాలుగు పలకలుగా తగులుతుంది, రెండూ ఒకే కుటుంబం. ఆకులు జంటగా ఎదురెదురుగా పుట్టే కణుపుకి సరిగ్గా కింద, పదునైన బ్లేడుతో కోయాలి. కింది రెండు జతల ఆకులు తీసేయాలి. పై ఆకులు అరచేయంత ఉంటే సగానికి కత్తిరించాలి, లేదంటే వేళ్లు రాకముందే ఆ ఆకులు ఉన్న తేమంతా ఆవిరి చేసేస్తాయి. వేళ్ల పొడి, అదే రూటింగ్ హార్మోన్, దీనికి దండగ. కోలియస్ అంత సులువుగా వేరు పోసే మొక్కలు తక్కువ.

ముందు గ్లాసు సంగతి. దీని గొప్పంతా కళ్లకి కనిపించడంలో ఉంది. వారం తిరిగేలోపు, వాతావరణం కాస్త చల్లగా ఉంటే ఇంకొన్ని రోజులకి, కణుపు దగ్గర తెల్లటి బొడిపెలు లేస్తాయి. అవి చూస్తుండగానే సాగి వేళ్లవుతాయి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ ముచ్చట కోసమైనా గ్లాసులో పెట్టాల్సిందే. కొమ్మ కుళ్లుతుంటే వెంటనే తెలుస్తుంది, తీసి పారేయొచ్చు. మట్టి గొడవ లేదు, వంటింటి గట్టు మీదైనా పెట్టుకోవచ్చు. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే రాత్రంతా బిందెలో తెరిచి ఉంచి పొద్దున వాడుకుంటే సరిపోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే అపార్టుమెంట్లలో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకోవడం మేలు. గాజు పారదర్శకంగా ఉంటే ఎండకి పాచి పడుతుంది. గ్లాసు చుట్టూ కాగితం చుడితే పాచి తగ్గుతుంది.

గ్లాసుకి విశాఖలో ఒక పెద్ద లోపం ఉంది, చలి దేశాల వీడియోల్లో దాని ఊసే ఉండదు: దోమ. డెంగీ తెచ్చే ఈడిస్ దోమకి మురుగు అక్కర్లేదు, ఇంట్లో ఇలాంటి శుభ్రమైన నిలవ నీరే ఇష్టం. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రైడే అంటూ కూలర్లు, కుండీల కింది పళ్లేలు ఖాళీ చేయమని చెప్పేది అందుకే. కోలియస్‌కి వేళ్లు రావడానికి పట్టే కాలమూ, దోమ పుట్టడానికి పట్టే కాలమూ దాదాపు ఒకటే! కాబట్టి రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఒట్టి మార్చడం కాదు, గ్లాసు లోపలి గోడని పీచుతో రుద్దాలి, ఎందుకంటే ఈ దోమ గుడ్లు నీటి అంచుకి కాస్త పైన గోడకి అంటుకుని ఉంటాయి, తడి ఆరినా నెలల తరబడి చావవు. సన్నటి మూతి సీసా తీసుకుని కొమ్మ చుట్టూ దూది బిగిస్తే ఇంకా నయం. ఊరెళ్లాలంటే మాత్రం గ్లాసులు అలా వదిలేసి వెళ్లకూడదు.

రెండో లోపం వేరులోనే ఉంది. నీళ్లలో పుట్టిన వేళ్లు లావుగా, నున్నగా, పెళుసుగా ఉంటాయి, నూగు వేళ్లు తక్కువ. మట్టిలోకి మార్చేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. విరగకపోయినా మొక్క వారం రోజులు తల వేలాడేసి, మట్టికి తగ్గ కొత్త వేళ్లు పోసుకున్నాకే లేస్తుంది. అందుకే వేరు అంగుళం దాటగానే మార్చేయాలి. నీళ్లలోనే నెలలు ఉంచితే చావదు గానీ తిండి లేక కింది ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలిపోతాయి, చివరికి కొసన నాలుగు ఆకులతో పుల్ల మిగులుతుంది.

ఇక ఇసుక కప్పు. సగం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, సగం ఇసుక కలిపి, అడుగున చిల్లులు పెట్టిన పేపరు కప్పులోనో పెరుగు డబ్బాలోనో నింపాలి. ముందే పుల్లతో బెజ్జం చేసి, అందులో కనీసం ఒక కణుపు మునిగేలా కొమ్మ గుచ్చి, చుట్టూ వేలితో నొక్కాలి. ఇక్కడ పుట్టే వేళ్లు సన్నంగా, కొమ్మలు కొమ్మలుగా చీలి, ఇసుక రేణువుల్ని పట్టుకుని ఉంటాయి. కుండీలోకి మార్చినప్పుడు ఆ ముద్ద ముద్దగానే దిగుతుంది, మొక్కకి మారినట్టే తెలియదు. వేళ్లు వచ్చాయో లేదో తెలియదు కదా అంటారు. రెండు వారాలయ్యాక ఆకు కొస పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. కొమ్మ ఊడి రాకుండా బిగపడితే వేళ్లున్నట్టే. కొత్త ఆకుల జత విప్పుకుంటుంటే ఇక లాగి చూడనక్కర్లేదు.

ఇసుక అన్నాను కాబట్టి ఒక ముఖ్యమైన మాట. బీచ్ ఇసుక వద్దు. కాళ్ల ముందే ఉంది కదా అని సంచీతో తెచ్చుకుంటే అందులో ఉప్పు, గవ్వల పొడి. ఎంత కడిగినా నమ్మకం లేదు. ఇల్లు కట్టే చోట జల్లెడ పట్టిన నది ఇసుక దోసెడు అడిగితే ఎవరూ కాదనరు. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉండే వీలుంది, కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టే చోట్లు ఉన్నాయి మరి. ఇటుకలా వచ్చే దిమ్మని బకెట్లో నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి, ఆ నీళ్ల రంగు పలచబడేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. వర్మీకంపోస్టు ఇప్పుడే కలపొద్దు. వేరు లేని కొమ్మకి ఎరువు పెట్టి లాభం లేదు, తెగిన చోట కుళ్లు త్వరగా పడుతుంది.

కప్పు మీద ప్లాస్టిక్ సంచీ కప్పమని ఆ వీడియోల్లోనే ఇంకో సలహా ఉంటుంది. హీటర్లు నడిచే ఇళ్లలో గాలి ఎండిపోయి ఉంటుంది, అక్కడ అది అవసరం. మన గాలిలో తేమకి ఏం తక్కువ? సంచీ కప్పితే మూడో రోజుకి ఆకుల మీద బూజు. ఏసీ గదిలో, అదీ గాలి నేరుగా తగిలే చోట పెడితే తప్ప దాని జోలికి పోవద్దు.

కప్పుకి లోపాలు లేవా అంటే ఉన్నాయి. నీళ్లు ఎక్కువైతే కాండం మట్టి మట్టానికి సరిగ్గా నల్లబడుతుంది, అది కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. వేలు పెట్టి పైపొర ఆరిందనిపిస్తేనే నీళ్లు పోసే అలవాటున్నవాళ్లకి కప్పు, రోజూ పొద్దున చెంబుతో అన్ని కుండీలకీ ఒకే లెక్కన పోసేవాళ్లకి గ్లాసు. ఇది హాస్యానికి అనడం లేదు, మనిషి అలవాటుని బట్టి పద్ధతి ఎంచుకోవడమే తెలివైన పని.

తల్లి మొక్కనే కుండీతో సహా లోపలికి తేవడం మూడో దారి. నాకు ఇది పెద్దగా నచ్చదు. ఏడాది దాటిన కోలియస్ అడుగు చెక్కబారి, కింద ఆకులు లేకుండా బోసిగా ఉంటుంది. బరువు, చోటు సరే, దానితో పాటు పిండినల్లి ఇంట్లో అడుగు పెడుతుంది. ఆకు తొడిమ కాండాన్ని కలిసే సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే అదే. గాలీ వెలుతురూ తక్కువైన గదిలో మిగతా మొక్కలకి పాకడానికి దానికి ఎక్కువ కాలం పట్టదు. ఉన్నది ఒక్కటే మొక్క, కోయడానికి ఒక్క మంచి చిగురూ లేదు అనుకున్నప్పుడు మాత్రం మూడో వంతుకి కత్తిరించి, ఆకుల అడుగుభాగం నీళ్లతో కడిగి, వేపనూనె కొట్టి తెచ్చుకోండి. కొత్త చిగుళ్లు రాగానే వాటిని కోసి కప్పులో పెట్టడమే.

తల్లి కుండీలోనే పక్కన గుచ్చేయడం కూడా ఉంది, జులై ముసుర్లలో అమ్మమ్మలు చేసేది అదే. బతికినవి బతుకుతాయి. తల్లికి వచ్చిన గండం పిల్లకీ వస్తుంది కాబట్టి దాచుకునే పద్ధతిగా దాన్ని లెక్కలోకి తీసుకోలేం. కోలియస్ చుట్టమైన వాము ఆకుకి మాత్రం ఇదే మంచిది. దాని గుజ్జు కాండానికి గ్లాసు కన్నా మట్టే నప్పుతుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది పద్ధతి కన్నా పెద్ద విషయం. వెలుతురు చాలకపోతే ఎరుపు, ఊదా రంగులు వెలిసి ఆకుపచ్చ పైకొస్తుంది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం సాగుతుంది. తూర్పు కిటికీ ఏడాది పొడుగునా మంచిది. దక్షిణపు కిటికీ మన ఊళ్లో తమాషాగా ఉంటుంది. డిసెంబరులో లోపలిదాకా ఎండ వస్తుంది, మే మధ్య నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఎండ పడదు, వెలుతురు మాత్రం వస్తుంది. వేసవిలో దాచే కప్పులకి అంతకన్నా మంచి చోటు లేదు. పడమటి కిటికీ వేసవిలో పొయ్యి. ఎక్కడ పెట్టినా మూడు నాలుగు జతల ఆకులు రాగానే కొస తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురుగా నిలుస్తుంది.

నా తీర్పు: విశాఖలో, దాచుకోవడం కోసమే అయితే, ఇసుక కప్పు. దోమ లేదు, మార్చేటప్పుడు వాడిపోవడం లేదు. తుపాను హెచ్చరిక వినగానే ఎనిమిది, పది కప్పుల్ని ఒక ట్రేలో పెట్టుకుని ఒక్క విడతలో లోపలికి తెచ్చేయొచ్చు. గ్లాసులు అలా మోస్తే సగం దారిలోనే ఒలుకుతాయి. చూసుకోవడానికి ఒకటీ రెండు కొమ్మలైతే, మొక్కల పనికి కొత్తవాళ్లైతే గ్లాసే. టొరంటోలోనో షికాగోలోనో ఉన్న పిల్లలు అడిగితే నేను గ్లాసునే చెబుతాను. అక్కడ డిసెంబరులో దోమల బెంగ లేదు, హీటరు గాలికి కప్పు ఎండిపోతుంది గానీ గ్లాసులోని కొమ్మకి ఆ బాధ లేదు. కాకపోతే అక్కడి శీతాకాలపు కిటికీ వెలుతురు చాలదు, ఎల్‌ఈడీ దీపం రోజుకి 12 నుంచి 14 గంటలు వెలగాలి, వేళ్లు వచ్చాక చిన్న కుండీలోకి మార్చాలి. మనకి దగ్గర్లో ఆ వీడియోల మాట అక్షరాలా వినాల్సింది లంబసింగి, చింతపల్లి వైపు వాళ్లే. అక్కడ జనవరి రాత్రులు సున్నాకి చేరువగా దిగిన సందర్భాలున్నాయి.

ఇంత శ్రమ ప్రతి మొక్కకీ అక్కర్లేదు. పచ్చ అంచుతో ఎర్ర ఆకు లాంటి మామూలు రకాలు కడియం నుంచి వచ్చే సరుకుతో మన నర్సరీల్లో మళ్లీ మళ్లీ దొరుకుతాయి, పోతే కొత్తది కొనుక్కోవచ్చు. విత్తనాల ప్యాకెట్టు నుంచి రంగులు కలగాపులగంగా వస్తాయి. అదే రంగు కావాలంటే కొమ్మే గతి. మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేని రంగు మీ దగ్గరుంటే సెప్టెంబరులోనే నాలుగు కప్పులు పెట్టండి, రెండు మీ కిటికీలో, రెండు తూర్పు ఎండ బాగా పడే పక్కింటివాళ్ల కిటికీలో.