కార్ల షెడ్డులో ఎపాక్సీ గచ్చు: ఏడేళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది లేచింది

విజయవాడ ఆటోనగర్‌లో రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. ఒకే కాంక్రీటు మీద మూడు రకాల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పూత) వేయించాం. సామాన్ల గదిలో రోలర్‌తో రెండుసార్లు వేసిన 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) పూత, బండ్లు నిలిపే చోట 2 మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవెలింగ్ (పోస్తే దానంతటదే సమంగా పరుచుకునేది), షట్టర్ దగ్గర ఇసుక కలిపిన 4 మిల్లీమీటర్ల స్క్రీడ్ (తాపీతో పరిచే మందపాటి పొర). ఏడేళ్లు దాటింది. ఇన్నేళ్లలో అరిగిపోయి కాంక్రీటు బయటపడ్డ చోటు ఒక్కటీ లేదు. చెడిన చోటల్లా కింది నుంచి లేచిందే. అందుకే ఏ కంపెనీ డబ్బా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. కాంక్రీటును ఎలా తయారు చేశారు, దాని కింద చెమ్మ ఉందా అన్నవే మొదటివి.

వెనక గోడ వెంబడి నాలుగడుగుల మేర బుడగలు వచ్చాయి. రూపాయి బిళ్ల నుంచి అరచేయంత వరకు ఉన్నాయి. ఒకదాన్ని బ్లేడుతో కోస్తే చిక్కటి, జిగురు నీళ్లు కారాయి. వాన నీరు అలా ఉండదు. కాంక్రీటులోని లవణాలతో కలిసి పొర కింద చేరిన నీరది. ఆ వైపు బెడ్ కాంక్రీటు కింద పాలిథిన్ షీట్ పరవలేదు. ఊళ్లో బందరు, ఏలూరు, రైవస్ కాలవలు పారే రోజుల్లో భూమిలో నీరు పైకొస్తుంది. పైన ఎపాక్సీ ఊపిరాడనివ్వదు కాబట్టి ఆ ఒత్తిడంతా పొర మీదే పడుతుంది. కొత్తగా బెడ్ వేసేవాళ్లు 250 మైక్రాన్ల పాలిథిన్, అంటే దుకాణంలో 1000 గేజ్ అని అడిగేది, కీళ్ల దగ్గర ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కించి టేపు వేయించండి. ఎపాక్సీ ఖర్చు ముందు అది లెక్కలోకి రానంత చవక.

పాత బెడ్ అయితే పరీక్ష చేయాల్సిందే. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి కనీసం 16 గంటలు వదలండి. తీసి చూసినప్పుడు కింద తడి కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా మామూలు ఎపాక్సీ వద్దు. మూడు నాలుగు చోట్ల పెట్టాలి, గోడ పక్కన ఒకటి తప్పనిసరి. ఈ పరీక్షను మే నెలలో చేసి పాసైందనుకుంటే లాభం లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చేసిందే లెక్క. చెమ్మ తేలితే చెమ్మను అడ్డుకునే ప్రత్యేక ఎపాక్సీ ప్రైమర్ వేయాలి, లేదా ఎపాక్సీని వదిలేసి 6 మిల్లీమీటర్ల పీయూ కాంక్రీటుకు (పాలీయురేథేన్, సిమెంటు కలిసిన గచ్చు) పోవాలి. కొత్త కాంక్రీటుకు కనీసం 28 రోజులు ఆగాలి. అది కూడా ఎండాకాలపు లెక్క, వానల్లో ఇంకా ఆలస్యమే.

తయారీ విషయానికొస్తే, యాసిడ్‌తో కడిగితే చాలనే కాంట్రాక్టరును అక్కడే పంపించేయండి. కాంక్రీటు పైకి తేలి ఎండిన సిమెంటు పాల పొరను యాసిడ్ ఒకచోట తినేసి ఇంకోచోట వదిలేస్తుంది, పైగా ఆ నీరు కాంక్రీటులోకి ఇంకుతుంది. డైమండ్ గ్రైండింగ్ చేసి, వాక్యూమ్‌తో దుమ్ము లాగాలి. అయ్యాక చేత్తో తడిమితే సన్నటి గరుకు కాగితంలా తగలాలి. మీద నీటి చుక్క వేస్తే అర నిమిషంలో ఇంకిపోవాలి. గుండ్రంగా నిలబడిందంటే అక్కడ నూనె ఉందన్నమాట. ఏళ్ల తరబడి ఇంజన్ ఆయిల్ తాగిన గచ్చయితే గ్రైండింగ్ ఒక్కటే సరిపోదు. గ్రైండింగ్‌కు ముందు డీగ్రీజర్ పోసి బ్రష్‌తో రుద్ది, వేడి నీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ చుక్క వేసి చూడాలి. అప్పటికీ ఇంకకపోతే ఆ ముక్క చెక్కి తీసి కొత్త కాంక్రీటు పోయడం మేలు. నూనె మీద వేసిన ఎపాక్సీ మొదట్లో అద్దంలా మెరుస్తుంది. పైన పటారం, లోన లొటారం.

కొలత దగ్గర మోసం ఎక్కువ. కాంట్రాక్టరు చదరపు అడుగుకింత అంటాడు, 2 మిల్లీమీటర్లంటాడు. ఆ మందం ఎండాక కంటికి తెలియదు. లెక్క సులువే: చదరపు మీటరుకు 1 మిల్లీమీటరు మందానికి 1 లీటరు పడుతుంది. 400 చదరపు అడుగులంటే 37 చదరపు మీటర్లు, 2 మిల్లీమీటర్లకు 74 లీటర్లు. సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమం లీటరు దాదాపు కిలోన్నర తూగుతుంది కాబట్టి 110 కిలోలు. ప్రైమర్ దీనికి అదనం. ఈ కిలోలు కొటేషన్లో రాయించుకోండి, పని రోజు డబ్బాలు విప్పకముందే లెక్కపెట్టుకోండి. 60 కిలోలతో పని ముగిసిందంటే మీకు దక్కింది 1 మిల్లీమీటరు పైచిలుకు.

కలపడం పైకి చిన్న పనే కానీ ఎక్కువ పొరపాట్లు అక్కడే. కిట్‌లో రెండు డబ్బాలుంటాయి: రెజిన్ (అసలు జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది). వాటి నిష్పత్తి కొన్నిటికి బరువులో, కొన్నిటికి ఘనపరిమాణంలో ఉంటుంది. అందుకే సగం సగం కిట్లు కలపనివ్వకండి, మొత్తం కిట్ ఒకేసారి కలపాలి. డ్రిల్లుకు పాడిల్ పెట్టి మెల్లగా మూడు నిమిషాలు తిప్పాక వేరే శుభ్రమైన బకెట్‌లోకి ఒంపి మళ్లీ తిప్పాలి. మొదటి బకెట్ గోడలకు, అడుగుకు అంటుకున్నది సరిగా కలవదు. దాన్ని గోకి నేల మీద పోస్తే అక్కడ ఎప్పటికీ బంకగానే ఉండిపోతుంది. మా సామాన్ల గది మూల అలాంటి మచ్చ ఒకటి ఇప్పటికీ ఉంది, దుమ్మంతా పట్టి నల్లబడింది. కలిపాక బకెట్‌లో ఉంచొద్దు, వెంటనే నేల మీద పోసి పరవాలి. బకెట్‌లో కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఉడికి గట్టిపడుతుంది. డబ్బా మీద 25 డిగ్రీలకు అరగంట అని ఉంటే, మన ఎండల్లో సగం కూడా దొరకదు.

పనికి మంచి రోజులు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. గాలిలో తేమ 80 శాతం దాటినా, నేల వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కన్నా 3 డిగ్రీలైనా ఎక్కువ లేకపోయినా పైన తెల్లటి జిడ్డు పొర కడుతుంది. దాని మీద రెండో కోటు అంటదు. ఉదయం ఎండకు కాంక్రీటు వేడెక్కేటప్పుడు లోపలి గాలి పైకొచ్చి సూదిమొనంత రంధ్రాలు పడతాయి. మధ్యాహ్నం మూడు దాటాక, నేల చల్లబడుతున్నప్పుడు మొదలుపెడితే ఆ బెడద తగ్గుతుంది. పొర పోసిన వెంటనే స్పైక్ రోలర్ (గాలి బుడగలు పోగొట్టే ముళ్ల రోలర్) తిప్పాలి. ఆలస్యంగా తిప్పితే దాని గీతలే మిగులుతాయి. నడవడానికి ఒక రోజు, కారు ఎక్కించడానికి, నూనెలు తగలడానికి ఏడు రోజులు ఆగండి.

ఇక వాడకం సంగతి. ట్రాలీ జాకీ ఇనప చక్రాలు 2 మిల్లీమీటర్ల పొర మీద నెలవంకల్లాంటి నొక్కులు వేశాయి, కానీ కాంక్రీటు దాకా పోలేదు. అసలు నష్టం చక్రం కింద చిక్కిన ఇసుక రేణువు, నట్టు వల్ల. జాకీ స్టాండు కాళ్లు ఇంకా లోతుగా దిగుతాయి, కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేస్తే చాలు. జాకీకి మాత్రం బండిని ఎత్తేటప్పుడు కాస్త కదిలే చోటుండాలి కాబట్టి పొడవాటి 3 మిల్లీమీటర్ల ఇనప రేకు పరవండి. 300 మైక్రాన్ల పూత మీద ఈ పనులేవీ పెట్టుకోవద్దు. అది సామాన్ల ర్యాకులకు, నడకకు సరిపోయే సరుకు, గదిలో మాత్రం చక్కగా నిలిచింది.

టైర్ల కింద నల్ల మచ్చలు ఖాయం. రబ్బరులోని నూనెలు, రసాయనాలు పొరలోకి దిగుతాయి, కడిగితే పోవు. మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. మే నెలలో హైవే నుంచి వచ్చిన టైరు దాన్ని అక్కడికి చేర్చగలదు. చల్లారేటప్పుడు టైరు కుంచించుకుని పొరను పట్టి లాగుతుంది. పట్టు బాగుంటే మచ్చతో సరి, లేకపోతే టైరు ఆకారంలోనే పెచ్చు లేస్తుంది. మాకు మచ్చలతోనే పోయింది. లేత బూడిద రంగు, అంటే ఆర్‌ఏఎల్ రంగుల పట్టీలో 7035, పడిపోయిన బోల్టు వెతుక్కోవడానికి భేష్. మచ్చలూ అందులోనే బాగా కనిపిస్తాయి, రెండూ కావాలంటే కుదరదు.

షట్టర్ దగ్గర ఎండ పడేంత మేర పసుపు తిరిగింది. ఎపాక్సీ గుణమే అంత. ఎండకు అంతగా రంగు మారని అలిఫాటిక్ పీయూ టాప్ కోటు వేస్తే తగ్గేది. అంచు మాత్రం చెక్కు చెదరలేదు, కారణం గాడి. కాంక్రీటులో 6 మిల్లీమీటర్ల లోతు గాడి కోసి పొరను అందులోకి దింపి ఆపారు. పలచగా రాసి ఆపేసిన అంచును చక్రం రోజూ కొడుతుంది, ముందు లేచేది అదే. కాంక్రీటు కీళ్లను కూడా ఎపాక్సీతో పూడ్చొద్దు. వాటిని పొరలోనూ కోసి సాగే పీయూ సీలెంట్‌తో నింపాలి, లేకుంటే గీత గీసినట్టు అక్కడే పగులుతుంది.

ఇంజన్ ఆయిల్, డీజిల్, కూలెంట్ తుడిస్తే పోతాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం రాత్రంతా ఉంటే పొర మెత్తబడుతుంది, పడిన వెంటనే తుడవాలి. బ్యాటరీ యాసిడ్ మచ్చ పెడుతుంది. బ్యాటరీ పని ఎక్కువుంటే ఆ మూల యాసిడ్‌ను బాగా తట్టుకునే నోవలాక్ ఎపాక్సీ అడగండి. వెల్డింగ్ నిప్పురవ్వ పడ్డచోటల్లా నల్ల గుంట, దానికి ఏ ఎపాక్సీ పనికిరాదు. తడిస్తే జారుతుంది, నూనె పడితే మరీ. స్క్రీడ్ వేసిన చోట తడి పొర మీద 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్ల క్వార్ట్జ్ ఇసుక చల్లారు, అక్కడ చెప్పు జారదు. కాకపోతే మాపింగ్ బట్ట చిరుగుతుంది, మురికి గీకడానికి గట్టి బ్రష్ కావాలి.

తాండూరు బండలతో పోల్చేవాళ్లకు ఒక మాట. బండ చవక, పగిలితే ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే అది సున్నపురాయి కాబట్టి బ్యాటరీ యాసిడ్ పడితే నురగలు కక్కుతుంది, నూనె తాగుతుంది, జాకీ బరువుకు కీళ్ల దగ్గర విరుగుతుంది. లారీలు ఎక్కే షెడ్డుకు రెండూ వద్దు, ట్రిమిక్స్ కాంక్రీటు (పోశాక అదనపు నీటిని వాక్యూమ్‌తో లాగేసేది) పోసి పైన ఫ్లోర్ హార్డెనర్ (కాంక్రీటు పైభాగాన్ని గట్టిపరిచే పొడి) వేయించుకోండి. ఎపాక్సీ కార్లకు, బైకులకు, లేత్ మెషిన్ గదికి సరైనది.

మరమ్మతుకు లేచిన చోట చుట్టూ గట్టిగా ఉన్నంత వరకు కోసి తీసేయాలి. అంచును 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి ప్రైమర్ వేసి నింపాలి. రంగు తేడా తెలుస్తుంది, దాచలేం. పని ముగిశాక ఒక కిట్ విప్పకుండా దాచుకుంటే ఈ ముక్కలకు పనికొస్తుంది, అదీ డబ్బా మీది గడువు వరకే. మూత తీసిన హార్డెనర్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని నమ్ముకోవద్దు.