ఇంటి పద్దుకు ఏది మేలు: బడ్జెట్టా, నగదు రాకపోకల పట్టికా?

ఇంటి లెక్కలను వ్యాపార పద్ధతిలో నడపాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఏడాదికి బడ్జెట్ వేసుకోవడం మంచిదా, లేక కంపెనీలు చేసినట్లు రాబోయే వారాలకు, నెలలకు నగదు రాకపోకలను ముందుగా అంచనా వేసుకోవడం మంచిదా? చాలా ఏళ్లు బడ్జెట్‌నే నమ్ముకుని నిరుడు రెండో పద్ధతికి మారినవాణ్ణి కనుక, ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థుణ్ణని చెప్పుకోలేను.

బడ్జెట్‌లో మళ్లీ రెండు దారులున్నాయి. నిరుటి అంకెకు కొంత కలిపి ఈ ఏటి అంకె వేసుకోవడం మొదటిది. అందులో సౌలభ్యం ఉంది కానీ, నిరుటి దుబారా కూడా ఈ ఏటికి భద్రంగా బదిలీ అవుతుంది. రెండోది జీరో బేస్డ్ బడ్జెట్. అందులో ప్రతి ఖర్చూ సున్నా నుంచి మొదలై తన అవసరాన్ని నిరూపించుకోవాలి. అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థలో దీన్ని అమలు చేసిన పీటర్ పైర్ 1970లో దాని గురించి ఒక వ్యాసం రాయగా, ఆ తర్వాత జార్జియా గవర్నర్‌గా ఉన్న జిమ్మీ కార్టర్ తన రాష్ట్రంలో దాన్ని ప్రవేశపెట్టారు. అధ్యక్షుడయ్యాక 1977లో అమెరికా కేంద్ర ప్రభుత్వ శాఖలన్నీ అలాగే లెక్కలు వేయాలన్నారు. కాగితాల పని విపరీతంగా పెరిగిందన్న విమర్శల నడుమ 1981లో తర్వాతి ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది.

ఇంట్లోనూ ఆ పద్ధతి మంచిచెడ్డలు అవే. ఖాతాలోంచి తమంతట తామే కోత పడే సభ్యత్వాలు, ఫోన్ ప్లాన్లు, బీమాలను ఏడాదికోసారి సున్నా నుంచి పరిశీలిస్తే, ఎవరూ వాడనివి ఒకటో రెండో తప్పకుండా బయటపడతాయి. నెలనెలా చేస్తే మాత్రం ఇల్లు ఆడిట్ ఆఫీసు అవుతుంది. పిల్లల సంగీతం క్లాసు తన లాభనష్టాలకు సంజాయిషీ చెప్పుకోవలసిన విభాగం కాదు కదా.

అయితే నా దృష్టిలో అసలు విషయం ఖర్చు ఎంత అన్నది కాదు, అది ఏ రోజున వస్తుందన్నది. లాభాల్లో ఉన్న వ్యాపారం కూడా చెల్లించవలసిన రోజున చేతిలో నగదు లేక మూతపడటం వ్యాపారుల్లో అందరికీ తెలిసిన సంగతే. కుటుంబాలకు వచ్చే ఇబ్బంది కూడా చాలావరకు ఇదే; అది బడ్జెట్‌లో కనబడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నెల ఆదాయాన్ని వందగా, నెలవారీ ఖర్చును 85గా అనుకుందాం. వీటికి తోడు మూడో నెలలో బీమా ప్రీమియం 60, ఆరో నెలలో పిల్లల ఫీజు 90 కట్టాలి. ఏడాది మొదట్లో చేతిలో 10 ఉంది. బడ్జెట్ ప్రకారం నెలకు 15 చొప్పున ఏడాదికి 180 మిగులుతుంది, అందులో 150 పోగా ఇంకా 30 ఉంటుంది, కాబట్టి అంతా బాగానే ఉన్నట్లు లెక్క. ఇవే అంకెలను నెలల వారీగా రాసి చూస్తే, మూడో నెల చివరికి నిల్వ సున్నాకు 5 దిగువన, ఆరో నెల చివరికి 50 దిగువన ఉంటుంది; తొమ్మిదో నెల దాటితే గాని తేరుకోదు. నాకు జరిగింది అచ్చంగా ఇదే. పుస్తకంలో మిగులు చూపిస్తున్న ఏడాదిలోనే నాలుగు నెలలపాటు క్రెడిట్ కార్డుకు వడ్డీ కట్టాను. ఆ వడ్డీ అనే పద్దు నా బడ్జెట్‌లో లేనే లేదు.

ఇప్పుడు అదే ప్రీమియాన్ని మూడో నెలలో 30, తొమ్మిదో నెలలో 30గానూ, ఫీజును ఆరో నెలలో 45, పన్నెండో నెలలో 45గానూ విడగొట్టి చూడండి. ఏ నెల చివర కూడా నిల్వ 25 కంటే తగ్గదు. ఆదాయం పెరగలేదు, ఖర్చు తగ్గలేదు, బడ్జెట్‌లో ఒక్క అంకె కూడా మారలేదు. వాయిదాల్లో కడితే ప్రీమియం కొంత పెరగవచ్చు, ఫీజుకు వాయిదాలు అందరూ ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ సంగతి మాట్లాడవలసింది ఆరో నెలలో కాదు, మొదటి నెలలోనే అని పట్టిక ముందుగా చెబుతుంది. రాబడి నిలకడగా లేని ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. చిన్న వ్యాపారి తన దుకాణం నుంచి తానే జీతం తీసుకున్నట్లు, వచ్చినదంతా ఒక ఖాతాలో ఉంచి, ఇంటికి నెలకు ఇంతేనని పంపుకోవాలంటే, ఎంత పంపవచ్చో ఈ పట్టిక చూశాకే తేలుతుంది.

దీనిలోనూ లోపాలు లేకపోలేదు. ఖర్చు అవసరమా కాదా అని ఇది అడగదు. అందుకే ఏడాదికోసారి జీరో బేస్డ్ పరిశీలనను నేను వదులుకోలేదు. కార్డు మీద కొన్నది బిల్లు కట్టేదాకా కనబడదు కాబట్టి, కార్డు గీసిన రోజునే ఆ మొత్తాన్ని బిల్లు తేదీ గడిలో రాసేయాలి. ఎనిమిదేళ్ల తర్వాత మార్చవలసిన వాహనం ఏడాది పట్టికలోకి రాదు; దానికి తరుగుదల అనే లెక్కను, అంటే వస్తువు ధరను అది పనిచేసే ఏళ్లకు పంచి రాసే పద్ధతిని, కంపెనీల నుంచి అరువు తెచ్చుకోవలసిందే. కంపెనీల్లో తరుగుదల పుస్తకంలో రాసే పద్దు మాత్రమే, దాని వల్ల డబ్బు పక్కకు చేరదు. ఇంట్లో మాత్రం వాహనం ధరను 96 నెలలకు పంచి, ఆ మొత్తాన్ని నెలనెలా నిజంగానే వేరే ఖాతాలో వేయాలి.

ఇక ఆదాయాన్ని అవసరాలకు 50, కోరికలకు 30, పొదుపుకు 20 శాతాలుగా విడదీసే సూత్రం కొత్తగా సంపాదన మొదలుపెట్టినవారికి సరిపోతుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గ్రంథం వివరించిన, వ్యాపారులు అంతకు ముందు నుంచే వాడుతున్న జంట పద్దు విధానం, అంటే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే పద్ధతి, ఇంటికి అవసరం లేదు. ఆస్తి అప్పుల పట్టిక ఏడాదికోసారి రాసుకుంటే చాలు.

మా పట్టికలో మొదటి పదమూడు వారాలకు వారానికో వరుస, ఆపైన ఏడాది చివరి వరకు నెలకో వరుస ఉన్నాయి. ప్రతి ఆదివారం నేనూ మా ఆవిడా బ్యాంకు నిల్వను అందులో సరిచూసి, అన్నిటికంటే తక్కువ నిల్వ ఉన్న గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీస్తాం. ఆ గడి గత వారం ఉన్న చోటే ఉంటే పుస్తకం మూసేస్తాం. ఈ వారానికి మరింత దగ్గరగా జరిగి ఉంటే, ఏ చెల్లింపును తర్వాతి తేదీకి వాయిదా వేయవచ్చో ఆ పూటే మాట్లాడుకుంటాం.