విరేచనాలు తగ్గిన పిల్లలకు ఏది మేలు: పాలా, పెరుగా, లాక్టోజ్ లేని పాలా?

నీళ్ల విరేచనాల నుంచి కోలుకుంటున్న ఏడాది, రెండేళ్ల బిడ్డకు పాలు పడటం లేదని, లాక్టోజ్ (పాలలోని సహజ చక్కెర) తీసిన పాలు కొనాలా లేక పెరుగు చాలునా అని తల్లులు పదేపదే అడుగుతున్నారు.

పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగు లోపలి గోడపై సన్నటి వేళ్లలా ఉండే చూషకాల కొనల వద్ద ఉంటుంది. పిల్లల్లో నీళ్ల విరేచనాలు తెచ్చే రోటావైరస్ దెబ్బతీసేది సరిగ్గా ఆ కొనలనే. అరగని లాక్టోజ్ పెద్దపేగులో పులిసి కడుపుబ్బరాన్ని, పుల్లటి వాసనతో కూడిన పలుచటి విరేచనాలను, మలద్వారం చుట్టూ ఎర్రటి ఒరుపును కలిగిస్తుంది. అయితే పేగు పొర సాధారణంగా కొద్ది వారాల్లోనే కోలుకుంటుంది. పుట్టుకతోనే లాక్టేజ్ లేని శిశువులు అత్యంత అరుదు. వయసుతో ఆ ఎంజైమ్ తగ్గే వంశపారంపర్య లక్షణం దక్షిణాదిలో ఎక్కువే అయినా, రెండేళ్లలోపు పిల్లలను అది సాధారణంగా బాధించదు. ఈ ఇబ్బంది తాత్కాలికమన్న సంగతే నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చాలి.

లాక్టోజ్ లేని పాలలో ఆ చక్కెరను ముందే గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడగొడతారు కనుక రుచి కాస్త తియ్యగా ఉంటుంది, ప్రోటీన్, కాల్షియం తగ్గవు. పాలు తప్ప మరేదీ ముట్టని బిడ్డకు అవి నిజంగా ఉపయోగం. కానీ ఖరీదెక్కువ, పల్లెల్లో దొరకడం కష్టం.

అందుకే నా మొగ్గు ఇంట్లో తోడుపెట్టిన పెరుగు వైపే. 100 మి.లీ. ఆవుపాలలో దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. తోడుకునేటప్పుడు అందులో కొంత లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. అంతకన్నా ముఖ్యం, పెరుగులోని సజీవ బ్యాక్టీరియా తన ఎంజైమ్‌తో పేగులోనూ లాక్టోజ్‌ను విడగొడుతుంది. పైగా మెత్తటి అన్నంతో కలిసినప్పుడు అది కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది. మజ్జిగపులుసులా మరిగిస్తే ఆ బ్యాక్టీరియా చనిపోతుంది కనుక ఈ మేలు దక్కదు.

మేకపాలలోనూ లాక్టోజ్ దాదాపు అంతే. సోయా పాలు డాక్టర్ చెబితేనే. పాలలో నీళ్లు పోస్తే బిడ్డకు అందే శక్తి తగ్గిపోతుంది.

తల్లిపాలలో 100 మి.లీ.కి సుమారు 7 గ్రాముల లాక్టోజ్ ఉన్నా, విరేచనాలప్పుడు వాటిని మానిపించకూడదు. మలంలో రక్తం, ఒంటిపై దద్దుర్లు, ఆగని వాంతులు కనిపిస్తే పాల ప్రోటీన్ అలర్జీ కావచ్చు. దానికి పెరుగు గానీ లాక్టోజ్ లేని పాలు గానీ పనికిరావు, వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఇవేవీ లేకుండా విరేచనం గట్టిపడితే, రెండు మూడు వారాల తరువాత మామూలు పాలను రాగిజావలో కొద్దికొద్దిగా కలిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు.