ముందు క్రాప్, తర్వాతే రంగులు: పిల్లలకు ఫొటో పాఠానికి స్నాప్‌సీడ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఎడిటింగ్ అనగానే పిల్లల వేలు ఫిల్టర్ల మీదికి పోతుంది. ఫ్రేములో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది నేర్పాలంటే మొదటి రెండు క్లాసులూ వాటి జోలికే పోనివ్వకండి. ఈ పాఠానికి స్నాప్‌సీడ్ చక్కగా సరిపోతుంది. గూగుల్ వాళ్ల యాప్, ఉచితం, మధ్యలో యాడ్స్ రావు. అసలు మేలు 'వ్యూ ఎడిట్స్'లో ఉంది. చేసిన ప్రతి మార్పూ వరసగా కనిపిస్తుంది, నడిమిదాన్ని తెరిచి సరిదిద్దొచ్చు. ఎక్కడ తప్పిందో టీచరు అక్కడికక్కడే చూపించొచ్చు.

వరస మాత్రం తప్పొద్దు: వాలు సరిచేసే రొటేట్, వంపు సరిచేసే పర్‌స్పెక్టివ్, చివరికి క్రాప్. నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువు ఫొటోలో నీటిగీత రెండు డిగ్రీలు వాలినా చెరువు ఒలికిపోతున్నట్టుంటుంది. దాన్ని సరిచేస్తే నాలుగు మూలలూ కొంత తెగుతాయి. ముందే బిగించి క్రాప్ చేస్తే ఆ తెగేది అంచున ఉన్న పడవ కొసే. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలను ఫోన్ పైకెత్తి తీస్తే అవి పైకి పోనుపోను దగ్గరికి వంగుతాయి. పర్‌స్పెక్టివ్‌లో టిల్ట్ కొద్దిగా జరిపితే నిటారుగా నిలుస్తాయి. ఎక్కువ జరిపితే ఖాళీ పడ్డ అంచుల్ని 'స్మార్ట్' అనే ఆప్షన్ తనకు తోచిన రాళ్లతో నింపేస్తుంది, చెక్కడం అలుక్కుపోతుంది. గుడి ఫొటోలకు 'బ్లాక్' పెట్టి, ఆ నల్ల అంచుల్ని క్రాప్‌లో తీసేయడం మేలు.

క్రాప్‌లో ముందు నిష్పత్తి ఎంచుకోవాలి. ఫోన్ ఫొటో మామూలుగా 4:3, స్టూడియోలో ఇచ్చే 6×4 ప్రింటు 3:2. మనం కోయకపోతే మిషన్ కోస్తుంది, గ్రూప్ ఫొటోలో వెనక వరస తలలు ఎగిరిపోయేది అందుకే. ఫ్రేమును మూడు భాగాలు చేసే రెండు నిలువు గీతల్లో ఒకదాని మీద మనిషిని పెట్టి, చూస్తున్న వైపు జాగా వదలండి. మోకాలి దగ్గర, మణికట్టు దగ్గర కోయొద్దు. 4000×3000 ఫొటోను రెండు వైపులా సగానికి కోస్తే 2000×1500 మిగులుతుంది. 6×4 ప్రింటుకు 1800×1200 చాలు కాబట్టి దిగులు లేదు. అంతకు మించి కోస్తే మసకబారుతుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు కింద తీసిన ఫొటోల బాధ వేరు. ఆకుల సందుల్లోంచి ఆకాశం తెల్లటి మచ్చలుగా మెరిసి, ఊడల దగ్గర నిలబడ్డ మనిషి మీద చూపు నిలవనివ్వదు. ఎంచుకున్న చోటు ఒక్కటే మార్చే సెలెక్టివ్‌లో ఆ మచ్చ మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో వలయం చిన్నది చేసి, బ్రైట్‌నెస్ మైనస్ 30 దాకా తగ్గించండి. పూర్తిగా తెల్లబోయిన చోట నీలం తిరిగి రాదు, బూడిద రంగే వస్తుంది. అలాంటిదాన్ని క్రాప్‌లో కోసేయడమే దారి.

అక్కర్లేనిదాన్ని చెరిపే హీలింగ్ ఆకాశంలోని కరెంటు తీగలకు బాగుంది, బాగా జూమ్ చేసి ముక్కలు ముక్కలుగా రుద్దాలి. శిల్పం మీదుగా పోయే తీగకు వాడితే ముఖమే చెరిగిపోతుంది. తల వెనక స్తంభం మొలిచినట్టున్న ఫొటోకు ఏ టూలూ అక్కరకు రాదు, రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తీయించండి.

ఎడిట్ చేసింది వాట్సాప్‌లో తెప్పించుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే సైజు తగ్గి, ప్రింటుకు పనికిరాకుండా పోతుంది.