గుండు ఉన్నన్నాళ్లూ యాత్రికుణ్ణే

దోహాలో 14 ఏళ్లు ఉద్యోగం చేసి, ఈ జూన్‌లో తిరుపతిలో కాపురం పెట్టాం. మా ఆవిడది రాజమండ్రి, నాది నెల్లూరు. "దేవుడి ఊళ్లో మనల్ని ఎవరు మోసం చేస్తారండీ" అంది రైల్లో. ఆ నమ్మకం తెల్లారేదాకా నిలిచింది.

ఇల్లు దొరికేవరకని స్టేషన్‌ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఫోనులో గది రోజుకు 1,600 అన్నారు. మేం చేరింది రాత్రి రెండు గంటలకు. ఉదయం ఎనిమిదిన్నరకు కుర్రాడు తలుపు కొట్టి, "ఎనిమిదికి రోజు అయిపోయింది సార్, రెండో రోజుకు కట్టండి" అన్నాడు. ఆరు గంటల నిద్రకు 1,600! కిందికి వెళ్లి గొడవపడితే గుమస్తా మాట్లాడకుండా గోడ మీది బోర్డు చూపించాడు. స్వామివారి పటానికి వేసిన పూలదండ చాటున సగం అక్షరాలు దాగి ఉన్నాయి. వేడినీళ్లు తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకేనట. మంచం కింద మా ముందు దిగినవాళ్లు వదిలేసిన గంధం పొట్లం. మూడు రోజులుంటే నాలుగు రోజుల లెక్క కట్టి 6,400 తీసుకున్నారు. గది తీసుకునేముందు "24 గంటల లెక్కా, ఉదయం ఎనిమిదికి రోజు మారే లెక్కా" అని తప్పకుండా అడగండి. స్టేషన్ ఎదురుగా ఉన్న దేవస్థానం వారి విష్ణునివాసంలో గది దొరికితే వదులుకోకండి.

తరువాత బైరాగిపట్టెడలో ఇల్లు దొరికింది. అద్దె 13,500, అడ్వాన్సు ఐదు నెలలది, బ్రోకరుకు ఒక నెలది. రాత్రి మేడెక్కితే కొండదారి దీపాలు కనిపిస్తాయి కాబట్టి ఆ బ్రోకరును క్షమించేశాను.

అసలు కథ మొక్కు తీర్చుకున్నాక మొదలైంది. కల్యాణకట్టలో పైసా తీసుకోకుండా గుండు చేశారు. దాని ఖర్చంతా కొండ దిగాక తెలిసింది. గుండు మీద గంధం ఆరకముందే గాంధీ రోడ్డులో ఆటో ఎక్కబోతే, మా వీధికి 250 అడిగాడు. ముందు వారం అదే దారికి 80 ఇచ్చాను. "నేను ఇక్కడే ఉంటాను బాబూ" అంటే నా తల వంక చూసి నవ్వాడు. అరటిపళ్లు నాకు డజను 80, పక్కనే నిలబడ్డ మా ఆవిడకు 50! ఆవిడకు ఇది మహా సరదా. ఆటో ఆపాలంటే నన్ను చెట్టు చాటున నిలబెట్టి తాను బేరమాడేది. ధర కుదిరాక నేను బయటికి వచ్చేసరికి ఆటోవాళ్ల మొహాలు చూడాలి. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే మాత్రం పొరపాటున కూడా దోహా అనకండి. పేటపేరు చెప్పండి.

నా తలను పట్టించుకోనిది ఒక్క రేణిగుంట రోడ్డు మెస్సులోని పెద్దావిడే. రాగిసంగటి, నాటుకోడి పులుసు కలిపి 180. మా పిల్లాడు చెంచా అడిగాడు. ఆవిడ చెంచా ఇవ్వలేదు. వేళ్లు నీళ్లలో తడిపి, పొగలు కక్కే ముద్దలోంచి చిన్న ఉండ తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో పులుసు నింపి వాడి నోటికి అందించింది. "నమలకూడదు నాయనా, మింగాలి" అంది. దోహాలో పిజ్జా తప్ప ముట్టనివాడు రెండు ముద్దలు తిన్నాడు. రెండో ముద్దకు డబ్బులు తీసుకోలేదు. ఊరిబిండి పచ్చడి మాత్రం ఇంటికి కట్టించుకున్నాం, 40.

చంద్రగిరి కోట, తిరుచానూరు అమ్మవారి దర్శనం ఒకే ఆదివారం హాయిగా అయిపోయాయి.

2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం స్థానికులకు స్వామి దర్శనం కల్పిస్తున్నారు. టోకెను ఇవ్వడానికి చూసేది ఆధార్‌లోని చిరునామానే తప్ప తలను కాదు. అందుకే ఆగమేఘాల మీద చిరునామా మార్పించుకున్నాను. కార్డు చేతికొచ్చేసరికి జుట్టు కూడా అంగుళం పెరిగింది. నిన్న గాంధీ రోడ్డు నుంచి మళ్లీ 80కే వచ్చాను. ఆ సంతోషం ఇంట్లో చెబితే మా ఆవిడ, "పిల్లాడి మొక్కు ఇంకా అలాగే ఉంది కదండీ, వాడితో పాటు మీరూ ఇంకోసారి..." అంటోంది.