118 కిలోల మనిషికి పాత హైబ్రిడ్ సైకిల్: నాలుగో ఏట రాస్తున్న సమీక్ష

నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. సైకిల్ కొన్ననాటికి బరువు 118 కిలోలు. చిన్నతనంలో సైకిల్ అబ్బలేదు, నలభై దాటాక మొదలుపెట్టాను. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. హైదరాబాదులో చందానగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వారంలో రెండు మూడు రోజులు, ఆదివారాలు ఊరి బయటికి, అంతా ఈ పాత సైకిల్ మీదే. హైబ్రిడ్ అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్యరకం. అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఇనుప ఫోర్కు (షాకులు, అంటే కుదుపును ఆపే స్ప్రింగులు, లేనిది), 700×38 టైర్లు, రిమ్మును రెండు వైపులా రబ్బర్లతో నొక్కే వి-బ్రేకులు, ముందు మూడు, వెనక ఏడు గేర్లు. 8,500 రూపాయలకు కొన్నాను. దాన్ని నా ఒంటికి తగ్గట్టు చేసుకోవడానికి ఇంకో ఏడు వేల పైచిలుకు అయింది. అంతా కలిపినా ఇలాంటి కొత్త సైకిల్ ధరకు చాలా కిందే ఉన్నాను.

కంపెనీ ఏదని అడుగుతారు. సెకండ్ హ్యాండులో కంపెనీని పట్టుకుని వెతికితే మనలాంటివాళ్లకు ఏమీ దొరకదు. ఇదే కంపెనీ, ఇదే మోడల్, రెండు సైజులు చిన్నదైతే నాకు ఎందుకూ పనికొచ్చేది కాదు. పొడుగూ బరువూ రెండూ ఉన్నవాడు పాత సైకిల్లో పట్టిపట్టి చూడాల్సినవి ఫ్రేము సైజు, వెనక చక్రం. తక్కినవి మార్చుకోవచ్చు, లేదా అవి లేకుండానే తొక్కొచ్చు.

సైజు దగ్గరే సగం మంది తప్పుదారి పడతారు. ప్రకటనల్లో ‘సైజు 26’, ‘27.5టీ’, ‘29టీ’ అని ఉంటుంది. అది చక్రం కొలత. ఫ్రేము ఎంత అని ఫోన్లో అడిగితే ‘పెద్దవాళ్ల సైకిలే అన్నా’ అంటారు. 29 చక్రాలున్న సైకిల్‌కి కూడా 17 అంగుళాల ఫ్రేము ఉండొచ్చు. పెద్ద చక్రాలు చూసి మురిసిపోయి కొంటే మలుపులో మోకాలు వెళ్లి హ్యాండిల్‌కి తగులుతుంది. పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి, సీటు రాడ్డు దిగే గొట్టం పై అంచు దాకా టేపు పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఆరడుగులు దాటినవాళ్లకు మౌంటెన్ రకంలో 20, 21 అంగుళాలు, హైబ్రిడ్‌లో 21 నుంచి 22.5 దాకా ఉంటే బయల్దేరి వెళ్లి చూడొచ్చు. పాతవాటిలో నాకు ఎక్కువగా కనిపించినవి 17, 18 అంగుళాలే, కాబట్టి ఓపిక పట్టాలి. ఇందులో ఒక లాభం కూడా ఉంది: పెద్ద ఫ్రేములకు గిరాకీ తక్కువ. నాది 22.5 అంగుళాలది. లాక్‌డౌన్ రోజుల్లో ఉత్సాహంగా కొని, ఆ తర్వాత సెల్లార్లో దుమ్ముకు వదిలేసిన బండి. ఎవరూ అడగక అమ్మేవాళ్లు అప్పటికే ధర తగ్గించి ఉన్నారు.

చిన్న ఫ్రేము కొని సీటు పైకి లాగితే చాలదా? చాలదు. సీటు రాడ్డు మీద ఒక హద్దు గీత ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి. గీత బయటికి వచ్చేదాకా లాగి మన బరువు మోపితే ఆ రాడ్డు గడ్డపారలా పనిచేస్తుంది, ఫ్రేము గొట్టాన్ని లోపలినుంచి పెకలిస్తుంది. అల్యూమినియం ఫ్రేము అక్కడ చీలితే మామూలు వెల్డింగుతో నమ్మకం రాదు. వేడికి ఆ చోట లోహం మెత్తబడిపోతుంది.

సీటు ఎత్తు లెక్క తేలికే. చెప్పులు విడిచి గోడకు ఆనుకుని, అట్ట పుస్తకాన్ని రెండు కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కిపెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవాలి. నాకు 88 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 0.883తో గుణిస్తే 77.7. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు దాదాపు అదీ. అయితే తొక్కడం రానివాడు మొదటిరోజే అంత ఎత్తున కూర్చుంటే నేల అందదు, గుండె జారుతుంది. నేను సీటు బాగా దించేసి, పెడళ్లు రెండూ ఊడదీసి, కాళ్లతో నేలను నెట్టుకుంటూ అపార్ట్‌మెంటు ఆవరణలోనే బ్యాలెన్సు పట్టాను. (ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి ఉంటాయి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. బలంగా ఉన్నాం కదా అని రెండో వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది.) బ్యాలెన్సు కుదిరాక సీటును కొద్దికొద్దిగా పైకి జరుపుకుంటూ వచ్చాను. వాచ్‌మెన్ పిల్లలు మొదట్లో నవ్వారు, తర్వాత వాళ్లే వెనకనుంచి తోశారు.

సీటు ఇలా పైకీ కిందికీ జరగాలి కాబట్టి కొనేటప్పుడే వదులు చేసి కదిపి చూడండి. ఏళ్ల తరబడి కదలని సైకిల్లో రాడ్డు తుప్పుకు ఫ్రేములోనే బిగుసుకుపోతుంది. సైజు చక్కగా కుదిరిన ఇంకో సైకిల్‌ని ఈ ఒక్క కారణంగా వదిలేసి వచ్చాను.

ఇక వెనక చక్రం. చూడ్డానికి వెళ్లేటప్పుడు మా వీధి చివర సైకిల్ షాపు పెద్దాయనను వెంటబెట్టుకెళ్లాను. అమ్మే ఆయన గేర్లు మార్చి చూపించబోతే ఈయన ఆపేశాడు: “గేర్లు తర్వాత చూస్తం సార్, ముందుగాల ఎన్క చక్రం ఇప్పుదాం.” చక్రం విప్పి ఇరుసును రెండు వేళ్లతో తిప్పాడు. ఇరుసు కొస నిలకడగా తిరగలేదు, చిన్న సున్నా చుడుతూ ఊగింది. “ఒంగింది సార్. ఈ సార్ కూసుంటే ఇరుగుతది.” అక్కడికక్కడే ధర పదకొండు వేల నుంచి ఎనిమిదిన్నరకు దిగింది. షాపు పెద్దాయనకు ఆ పూట ఇచ్చిన మూడు వందలు నేను పెట్టిన డబ్బులన్నిటిలోకీ గిట్టుబాటైనవి.

ఇరుసు ఎందుకు వంగుతుందో చెప్పాలి. చవక గేరు సైకిళ్లలో వెనక పళ్లచక్రాల గుత్తిని హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, మరలతో బిగిస్తారు. అది ఫ్రీవీలు రకం. ఇందులో కుడివైపు బేరింగు గుత్తికి లోపలే, హబ్బు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఫ్రేము దాకా మూడు నాలుగు సెంటీమీటర్ల ఇరుసుకు ఏ ఆసరా ఉండదు. 65 కిలోల మనిషి జీవితకాలం తొక్కినా ఆ సంగతి తెలియకపోవచ్చు. మనం గుంతలో పడ్డ ప్రతిసారీ ఇరుసు సరిగ్గా అక్కడే వంగుతుంది, ఒకరోజు విరుగుతుంది. రెండోది క్యాసెట్ రకం. దాంట్లో బేరింగు కుడి కొస దాకా జరిగి ఉంటుంది కనుక ఇరుసుకు ఆ బాధ తప్పుతుంది. ఏ రకమో పోల్చుకోవడం కష్టం కాదు: పళ్లచక్రాలను వెనక్కి తిప్పుతూ, మధ్యలో పానా పెట్టే గాట్లను చూడండి. పళ్లతోపాటు గాట్లు కూడా తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీలు.

నాది ఫ్రీవీలు. దాన్ని తీసేయించి 36 పుల్లల (స్పోకుల) డబుల్ వాల్, అంటే రెండు పొరల, రిమ్ము, క్యాసెట్ హబ్బు, స్టెయిన్‌లెస్ పుల్లలతో కొత్త చక్రం కట్టించాను. నాలుగు వేల పైన అయింది. 8 గేర్ల హబ్బు దొరికితే వెనక 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ (సందు నింపే రింగు) వేసి 7 గేర్ల క్యాసెట్ ఎక్కించుకోవచ్చు. పాత గేరు లివర్లు అలాగే పనిచేస్తాయి. కొత్త చక్రం మీద కొన్నాళ్లు తిరిగాక మళ్లీ షాపుకు తీసుకెళ్లి పుల్లలన్నీ సమంగా బిగింపించాను. చాలామంది వదిలేసేది ఈ రెండో బిగింపునే. బరువు మోస్తూ చక్రం తిరిగేటప్పుడు కిందికొచ్చిన పుల్ల ప్రతి చుట్టులోనూ కాస్త సడలి మళ్లీ బిగుస్తుంది. ముందే వదులుగా ఉన్న పుల్ల మెడ దగ్గర ఆడి ఆడి అలసి తెగుతుంది, అదీ ఎక్కువగా గేర్లవైపే. బిగువు సరిగ్గా ఉంటే మన బరువు దానికి లెక్క కాదు. ఇప్పటిదాకా నాకు ఒక్క పుల్ల కూడా తెగలేదు.

ముందు షాకుల మోజు గురించి రెండు మాటలు. ఈ ధరలో వచ్చే స్ప్రింగు ఫోర్కు నేను కూర్చోగానే సగం దిగిపోతుంది, చడావులో, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, నిలబడి తొక్కితే ఊగుతూ బలం తినేస్తుంది. వెనక షాకులున్న చవక సైకిల్ జోలికి అసలు పోవద్దు. లావు టైర్ల ఫ్యాట్ బైకులు ‘బరువైనవాళ్ల కోసం’ అని అమ్ముతారు. టైర్లు బలమైనవే, నిజమే, కానీ చవకవాటిలో సైకిలే 18, 20 కిలోలు తూగుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు రెండు కిలోమీటర్లకే విరక్తి పెంచుకుంటాడు. డిస్కు బ్రేకులు లేవని కూడా బెంగ వద్దు. సరిగ్గా అమర్చిన వి-బ్రేకులు నన్ను జూబ్లీహిల్స్ పల్లాల్లో నిలబెడుతూనే ఉన్నాయి. కాకపోతే వానాకాలంలో బురద ఇసుక రబ్బర్లలో చిక్కుకుని రిమ్మును కోస్తుంది, తడిసి వచ్చినరోజు గుడ్డతో తుడవాలి.

బరువు పరిమితి చూసుకోవాలంటే కంపెనీ మాన్యువల్ చదవండి. అందులో చెప్పే అంకె మనిషిదొక్కటే కాదు, బ్యాగు కూడా కలుస్తుంది, కొన్నిచోట్ల సైకిల్ సొంత బరువు కూడా. ట్రెక్ అనే కంపెనీ మామూలు సైకిళ్లకు 136 కిలోలు అంటే ఆ మూడూ కలిపే. ఈ లెక్కన కొన్నరోజున నా తూకం అంచు మీదే.

విజయవాడ, ఏలూరు, భీమవరం లాంటి చదునైన ఊళ్లలో ఉండేవాళ్లు ఈ గొడవంతా మానేసి పాతకాలపు నల్ల సైకిల్, 24 అంగుళాల ఫ్రేముది, వెతుక్కోవడం మేలు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ ఏదైనా సరే. వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు 32. పాల క్యాన్లు, గ్యాస్ బండలు మోసిన జాతి. ఏ ఊరి మెకానిక్ అయినా విప్పి బిగించగలడు, ఓవర్‌హాలింగ్‌తో కలిపినా నేను పెట్టినదాంట్లో పావు వంతు కాదు. మా బాబాయి సైకిల్ కొన్నాళ్లు తెచ్చి తొక్కాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. కూర్చునే తీరు నాకు ఈ హైబ్రిడ్ కంటే అదే హాయి. కానీ గేర్లు లేక హైదరాబాదు ఎత్తుపల్లాల్లో నా వల్ల కాలేదు, వానలో ఆ రాడ్ బ్రేకులు పట్టవు.

వాడకంలో తేలినవి మరికొన్ని. వెనక టైరులో గాలి ముందుదానికంటే ఎక్కువ ఉండాలి, టైరు పక్కన రాసిన గరిష్ఠానికి కాస్త దిగువన. గాలి తగ్గితే గుంత అంచుకు ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మీటరున్న నిలువు పంపు ఇంట్లో తప్పనిసరి, ఐదు రోజులకోసారి చూసుకుంటాను. ప్లాస్టిక్ పెడల్ ఒకటి మొదట్లోనే విరిగింది, లోహపువి వేయించాను. మెత్తటి జెల్ సీటు అరగంట దాకా బాగుంటుంది, ఆ తర్వాత ఒరుసుకుపోతుంది. వెడల్పుగా, గట్టిగా ఉన్నదే నయం. సీటు కింద కడ్డీలు ఉక్కువే ఉండాలి.

తొక్కడం కొత్తవాళ్లకు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన ట్రాక్ మంచి చోటు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు అన్నీ కలిపి 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ. వెనకనుంచి హారన్ కొట్టేవాడు ఉండడు. నా బరువు మాత్రం ఆరేడు కిలోలకు మించి తగ్గలేదు. ఇంటికొచ్చాక తినే ఇడ్లీల లెక్క వేరే.

డబ్బిచ్చే ముందు ఇంకో రెండు పనులు. హ్యాండిల్ గొట్టం కింద, ఫ్రేము వంపు లోపలివైపు వేలితో తడమండి. రంగు ముడతపడ్డా, సన్నగీత తగిలినా అది ఎక్కడో గుద్దుకున్న బండి. తిరగేసి, పెడళ్ల ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరు ఫొటో తీసుకుని అసలు బిల్లు అడగండి. సైకిల్‌కు ఆర్‌సీ ఉండదు, దొంగ సరుకు కాదనడానికి ఉన్న ఆధారం అదొక్కటే. బిల్లు పోయిందంటే ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

ప్రస్తుతం నా సైకిల్‌కి చైను మార్చే వేళైంది. పన్నెండు జతల లింకులు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి, ఇప్పుడు అంగుళంలో ఎనిమిదో వంతు సాగింది. క్యాసెట్ పళ్లు కూడా అరిగి ఉంటాయని పెద్దాయన అంచనా. రెండూ కలిపి పదిహేను వందల లోపే.