టెన్త్ తర్వాత ఆడపిల్లని కంప్యూటర్ చదువుకి ఎటు పంపాలి? మూడు దారుల్లో ఏది మేలు?

గ్రామ సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం కోసం ఒకావిడని వేలిముద్ర వేయమంటే మెషిన్ మూడుసార్లు తీసుకోలేదు. పలాసలో జీడి పిక్కలు కొట్టి కొట్టి ఆవిడ వేళ్ల చివర్లు నల్లబడి, గీతలన్నీ చెరిగి నున్నగా అయిపోయాయి. ఆవిడ కూతురు మొన్నటిదాకా నా దగ్గర పదో తరగతి లెక్కలు చదివింది. కంప్యూటర్ ఇంజినీరు అవుతానంటోంది. తల్లి నన్ను పక్కకి పిలిచి అడిగింది: "గుంటని ఎందులో ఎయ్యాల టీచరమ్మా? ఏది బాగుంటాది?"

ట్రిపుల్ ఐటీ (రాష్ట్ర ప్రభుత్వ ఆర్జీయూకేటీ), పాలిటెక్నిక్, ఇంటర్ ఎంపీసీ. బీటెక్ పట్టా దాకా లెక్కేస్తే మూడూ ఆరేళ్లే. పదిహేనేళ్లకి టెన్త్ అయిన పిల్ల ఏ దారిన వెళ్లినా ఇరవై ఒకటికి ఇంజినీరే. అందుకని నేను ఏళ్లు లెక్కపెట్టను. మధ్యలో ఇంట్లో ఎన్నిసార్లు మళ్లీ ఒప్పించుకోవాలో అది లెక్కపెడతాను. మగపిల్లాడికి ఈ లెక్కతో పనిలేదు. ఆడపిల్లకి మాత్రం చదువు ఎక్కడ కాస్త ఆగితే అక్కడ పెళ్లిచూపుల చాప పరిచి ఉంటుంది.

ఈ లెక్కన ట్రిపుల్ ఐటీ ముందుంటుంది. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో 2016లో మొదలైన క్యాంపస్ మనకి దగ్గర. రెండేళ్లు పీయూసీ (మన ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్, అక్కడే హాస్టల్. ఒక్కసారి పెట్టె సర్ది పంపితే చాలు, మధ్యలో కొత్త కాలేజీ వెతుక్కునే పని లేదు. సీటు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు, మా జడ్పీ బడి లాంటి చోట చదివినవాళ్లకి 4 శాతం కలుపుతారు కూడా. అయితే రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. సీటు ఎచ్చెర్లలోనే వస్తుందని లేదు, నూజివీడో ఇడుపులపాయో కూడా కావచ్చు. బ్రాంచి పీయూసీ అయ్యాక మార్కుల్ని బట్టి వస్తుంది. కంప్యూటర్సే కావాలంటే ఆ రెండేళ్లూ గట్టిగా చదవాలి.

పాలిటెక్నిక్‌లో బ్రాంచి మొదటి రోజే తేలిపోతుంది. దానికి రాసే ప్రవేశ పరీక్ష పాలిసెట్ టెన్త్ సిలబస్ మీదే, 120 మార్కులకి. అందులో 50 లెక్కలవే. శ్రీకాకుళంలో ఆడపిల్లలకి విడిగా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది కాబట్టి తండ్రులు తొందరగానే ఒప్పుకుంటారు. చిక్కల్లా మూడో ఏడు చివర. అప్పటికి పిల్లకి సరిగ్గా పద్దెనిమిది, పెళ్లికి చట్టం అడ్డు కూడా ఉండదు. కానీ అప్పటికి చేతిలో డిప్లొమా ఉంటుంది, దాంతో ఉద్యోగానికి వెళ్లొచ్చు. డిప్లొమా వాళ్లకి పెట్టే ఈసెట్ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ డిప్లొమా, బీటెక్ అమ్మాయిలకి ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల వరకే. అందరికీ రాదు గానీ, దరఖాస్తు పెట్టేవాళ్లే మా వైపు తక్కువ.

ఇంటర్ మీద నాకు కోపమేమీ లేదు, నేనూ అలా చదివినదాన్నే. దారులు ఎక్కువ తెరుచుకునేది అక్కడే: జేఈఈ రాయొచ్చు, రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌తో విజయనగరం జేఎన్‌టీయూకో మరోచోటికో వెళ్లొచ్చు. ఈఏపీసెట్ ర్యాంకుకి పరీక్ష మార్కులు 75 శాతం, ఇంటర్ మార్కులు 25 శాతం చూస్తారు. అయితే పదిహేడేళ్లకి చేతిలో ఉండేది ఇంటర్ మెమో ఒక్కటే, దాన్ని చూసి ఉద్యోగమిచ్చేవాళ్లు లేరు. ర్యాంకు కాస్త అటూ ఇటూ అయితే "ఇంక చాల్లే" అనడం ఇంట్లో చాలా తేలిక. నా పిల్లలు ఇద్దరు అక్కడే ఆగిపోయారు. ఒకమ్మాయి త్రికోణమితి లెక్క నా కన్నా తక్కువ మెట్లలో చేసేది.

కాబట్టి ఇంట్లో గట్టిగా నిలబడే తండ్రో అన్నో ఉంటే ఇంటర్ పరవాలేదు. ఆ నమ్మకం లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లకి ముందు ట్రిపుల్ ఐటీ, అది రాకపోతే పాలిటెక్నిక్. రెంటికీ దరఖాస్తు పెట్టుకోవడంలో నష్టం లేదు, ట్రిపుల్ ఐటీకి రాసే పరీక్షే లేదు కదా.

ఇదంతా ఆ తల్లికి అక్కడే నిలబడి చెప్పాను. ఎంత విన్నదో తెలీదు, ఆవిడ చూపంతా కంప్యూటర్ ముందు కూర్చున్న డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి మీదే ఉంది. "నువ్వేటి సదివేవమ్మా?" అని అడిగింది. "డిప్లొమా అండి, కంప్యూటర్స్" అందా అమ్మాయి, తలెత్తకుండానే. "పెళ్లయిందా?" "లేదండి, ఇంకా బీటెక్ చెయ్యాలి."

తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఆరేళ్లంటే సంక్రాంతికయినా ఇంటికి పంపుతారా?" అంది. పంపుతారన్నాను. వేలు కొంగుకి తుడుచుకుని మళ్లీ మెషిన్ మీద పెట్టింది.